అబిడ్స్‌లో అబిద్ కొట్టు ఏదీ?

(మూతబడ్డ దుకాణాల, సూపర్ మార్కెట్ల, హోటళ్ల స్మరణలో చేసిన ఉపన్యాస పాఠం)



హైదరాబాద్‌లో సిటీ బస్సెక్కి, కండక్టరుకు చిల్లర అందిస్తూ "అబిడ్స్ ఒకటి" అనే ప్రతి మనిషీ తనకు తెలియకుండానే ఒక కొట్టు పేరు చెబుతున్నాడు. ఆ కొట్టు ఇప్పుడు లేదు. అందులో సరుకు కొన్నవాళ్లూ లేరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆంతరంగిక సేవకుడిగా ఉన్న ఆల్బర్ట్ అబిద్ అక్కడ ఒక దుకాణం తెరిచాడు. జనం దాన్ని అతని పేరుతో పిలిచారు. పేటకు ఆ పేరే నిలిచింది.

ఈ పేరు చివరనున్న "స్" ఇంగ్లిషువాళ్ల షష్ఠీ విభక్తి. అబిడ్స్ అంటే "అబిద్ యొక్క" అని. అబిద్ యొక్క ఏమిటి? ఆ మాట ఎప్పుడో రాలిపోయింది. నూరేళ్లకు పైగా ఊరు ఊరంతా సగం మాటే పలుకుతోంది.

ఈ ఉపన్యాసం రాలిపోయిన ఆ సగం గురించి. స్మారకోపన్యాసాలు కవుల పేరిట, పండితుల పేరిట, నాయకుల పేరిట జరగడం ఆనవాయితీ. ఈసారి స్మరణ మూతబడ్డ కొట్లది. వాటి గల్లా దగ్గర, కాటా దగ్గర, పొయ్యి దగ్గర ఏళ్ల తరబడి నిలబడ్డ మనుషులది.

అబిద్ ఆర్మీనియన్ అని ఎక్కువమంది రాశారు. యూదుడని చెప్పినవాళ్లూ ఉన్నారు. ఒకసారి తొడిగిన దుస్తులు మళ్లీ తొడగరని మహబూబ్ అలీ ఖాన్‌కు పేరు. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం కట్టిన రెండంతస్తుల చెక్క బీరువా నేటికీ ఉంది; నిజాం మ్యూజియానికి వెళ్లినవాళ్లు దాని పొడవునా నడిచి చూస్తారు. ఆ బట్టలు, బూట్లు, గడియారాల బాధ్యతంతా అబిద్‌దే. దొర పక్కన పెట్టిన వస్తువులు అబిద్ చేతి మీదుగా మళ్లీ అమీరుల ఇళ్లకు అమ్ముడుపోయేవని పాత హైదరాబాద్ చెప్పుకునే కథ. జాకబ్ వజ్రాన్ని నిజాంకు అమ్మజూపిన 1891 నాటి బేరంలోనూ అతనే మధ్యవర్తి. ఆ బేరం చెడి కలకత్తా న్యాయస్థానం దాకా వెళ్లింది. వజ్రం తెచ్చిన అలెగ్జాండర్ మాల్కం జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు గానీ, అతని వ్యాపారం మళ్లీ కోలుకోలేదు. వజ్రం మాత్రం భద్రంగా ఉంది. 1995లో నిజాం నగలతో పాటు భారత ప్రభుత్వం దాన్ని కొన్నది. ఆ నగలన్నిటికీ కలిపి ఇచ్చింది రూ. 218 కోట్లు.

వజ్రం బరువు 184.75 కారెట్లని పుస్తకాల్లో దొరుకుతుంది. కొట్టులో నిలబడి సరుకు చూపించిన గుమాస్తా పేరు అలాంటి పుస్తకాల్లోకి ఎక్కదు. చరిత్ర రాసేవాళ్ల కాటాలో కొనేవాడి వైపు తట్ట ఎప్పుడూ కిందికే వాలి ఉంటుంది.

కొట్టు పోయి పేరు మిగలడం ఒక్క అబిడ్స్‌లోనే జరగలేదు. హిమాయత్‌నగర్ దగ్గర లిబర్టీ అంటే ఇవాళ ఒక కూడలి. ఆ పేరిచ్చిన సినిమా హాలు లేదు. సికింద్రాబాద్‌లో సంగీత్ అంటే మరో కూడలి. ఆ హాలూ లేదు. ప్యారడైజ్ టాకీస్ పోయినా, 1953లో అక్కడ చిన్న కేఫ్‌గా మొదలైన హోటల్ ఆ పేరును బిర్యానీతో పాటు ఊళ్లు దాటించింది. మద్రాసులో జెమినీ స్టూడియో లేదు. ప్రభుత్వం అన్నా ఫ్లైఓవర్ అని పేరు పెట్టినా జనం జెమినీ ఫ్లైఓవర్ అనే అంటారు. పేరు పెట్టే అధికారం పురపాలక సంఘానిది కావచ్చు. నిలబెట్టేది మాత్రం బస్సు కండక్టరు, ఆటో డ్రైవరు, చుట్టానికి దారి చెప్పే ఇల్లాలు.

ఇక ఇరానీ హోటళ్ల సంగతి. హైదరాబాద్‌లో హోటల్ అంటే పడుకునే చోటని ఎవరూ అనుకోరు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఇరాన్ నుంచి బొంబాయి చేరినవాళ్లలో కొందరు పుణె మీదుగా ఇక్కడికి వచ్చారు. నాలుగు దారులు కలిసే మూలల్లో హోటళ్లు పెట్టారు. పాలరాతి పలకల బల్లలు, వంచిన కర్రతో చేసిన నల్లటి కుర్చీలు, గోడ నిండా అద్దాలు. డికాక్షన్ ఒక పాత్రలో, మరిగి మరిగి చిక్కబడ్డ పాలు ఇంకో పాత్రలో ఉండేవి. రెండూ కలిసేది కప్పులోనే. పక్కన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోసే ఉస్మానియా బిస్కట్, పొద్దెక్కితే లుఖ్మీ, సమోసా. వడ్డించే మనిషిని "బాహర్‌వాలా" అనేవారు. ఎవరు పౌనా చాయ్ తాగుతారో, ఎవరు వన్ బై టూ చెబుతారో ఆ బాహర్‌వాలాకు మొహం చూస్తేనే తెలిసేది.

అబిడ్స్‌లోనే ఓరియంట్ హోటల్ ఉండేది. మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు, పాత్రికేయులు, కార్మిక నాయకులు, రాజకీయాల్లో తిరిగేవాళ్లు అక్కడ కూర్చునేవారు. ఒక చాయ్ ధరకు గంటలు గంటలు కుర్చీ దొరకడమే ఆ హోటల్ చేసిన మేలు. ఇంట్లో గది లేని విద్యార్థికీ, ఆఫీసు లేని యూనియన్ నాయకుడికీ, ఇంకా ఏ పత్రికా అచ్చువేయని కవికీ ఆ కుర్చీయే చిరునామా. ఉర్దూ, తెలుగు, దక్కనీ ఒకే బల్ల మీద వాదించుకున్నాయంటే, అందుకు చోటిచ్చింది గల్లా వెనక కూర్చున్న ఇరానీ సేఠ్ ఓపిక.

అయితే ఆ ఓపికకు అద్దె కట్టాలి. మూలమీది స్థలం విలువ పెరిగేకొద్దీ గంటసేపు ఒకే కప్పు ముందు కూర్చునే మనిషి భారమయ్యాడు. యజమానుల పిల్లలు చదువుకుని వేరే పనుల్లోకి వెళ్లారు. కూర్చుని తాగే చాయ్ పోయి నిలబడి తాగే చాయ్ వచ్చింది. ఓరియంట్ ఉన్న వీధిలో ఇప్పుడు బట్టల దుకాణాలు, చెప్పుల దుకాణాలు. ఒక్కో ఇరానీ హోటల్ ఇలాగే మందుల షాపుగానో, సెల్‌ఫోన్ల షాపుగానో మారిపోయింది. మిగిలినవి లేకపోలేదు. అబిడ్స్‌లోనే గ్రాండ్ హోటల్ ఇంకా పొయ్యి ఆర్పలేదు. దాన్ని తలుచుకోవడానికి స్మారకసభ అవసరం లేదు, ఆకలితో వెళితే చాలు.

మద్రాసులో తెలుగు సినిమా బతికిన రోజుల్లో ఓరియంట్‌కు దీటైన చోటు ఇంకొకటి ఉండేది. ఉడిపి ప్రాంతం నుంచి వచ్చిన కె. కృష్ణారావు పెంచిన వుడ్‌లాండ్స్ హోటళ్లలో భాగంగా కెథడ్రల్ రోడ్డు మీద 1962లో డ్రైవ్-ఇన్ తెరిచారు. చెట్ల కింద కారు ఆపితే, సర్వరు వచ్చి కిటికీకి పళ్లెం తగిలించి ఇడ్లీ, వడ, కాఫీ పెట్టేవాడు. కారు లేనివాళ్లు లోపల బల్లల దగ్గర చేరేవారు. సినిమావాళ్లు, రాసేవాళ్లు, అమ్మకపు ప్రతినిధులు, ఉద్యోగం వెతుక్కునేవాళ్లు, అందరికీ ఆ చెట్ల నీడే ఆఫీసు. స్థలం ప్రభుత్వానిదని తేలాక 2008లో అది మూతబడింది. 2010లో అక్కడ సెమ్మొళి పూంగా అనే తోట వచ్చింది. చెట్లు బతికాయి, అది సంతోషమే. కానీ ఆ చెట్ల కింద కథ వినిపించి, అడ్వాన్సు దొరుకుతుందో లేదో తెలియక రెండో కాఫీ చెప్పుకున్న మనుషుల చరిత్ర తోట పలకల మీద చదవడానికి దొరకదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ హోటళ్లు చాలావరకు మగవాళ్ల లోకం. ఇరానీ హోటల్లో ఆడవాళ్లు వస్తే ఒక మూల చెక్క అడ్డం వెనక "ఫ్యామిలీ" గది. ఆ అడ్డం తీయడానికి ఇంకో రకం కొట్టు రావాల్సి వచ్చింది.

పచారీ కొట్టులోనూ ఒక అడ్డం ఉంది: కొనేవాళ్లకూ సరుకుకూ నడుమ ఉండే బల్ల. చీటీ ఇస్తే కుర్రాడు కంది పప్పు తూచి, పాత పేపరులో పొట్లం కట్టి, పురికొస చుట్టి పెడతాడు. పప్పులో రాయి ఉందేమోనని గుప్పెట్లోకి తీసుకుని చూడాలంటే షావుకారు అనుమతి కావాలి. అరువు ఉంటే ఆ అనుమతి అడగడానికీ నోరు రాదు. ఖాతా పుస్తకం ఆదుకునే చెయ్యే, అదే నోరు నొక్కే చెయ్యి కూడా.

ప్రభుత్వం ఈ బల్లను సహకార పద్ధతిలో దాటాలని చూసింది. 1962 యుద్ధం తర్వాత వినియోగదారుల సహకార భాండారాలకు కేంద్రం పథకం పెట్టింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించి, డాలరు రూ. 4.76 నుంచి రూ. 7.50కి మారాక ధరలు చేయి దాటకుండా జులైలో ఢిల్లీలో సూపర్ బజార్ తెరిచారు. తెలుగు జిల్లా కేంద్రాల్లోనూ "సూపర్ బజార్" అన్న మాట అలా అలవాటైంది; బెజవాడలో విజయకృష్ణా సూపర్ బజార్ పేరు చెబితే ఒక తరం మొహాలు వికసిస్తాయి. నూనె, చక్కెర కరువైన రోజుల్లో మధ్యతరగతి ఇళ్లకు అవి దిక్కయ్యాయి. ఢిల్లీ సూపర్ బజార్ నష్టాల్లో కూరుకుపోయి 2002లో మూతబడింది. చాలా ఊళ్లలో బోర్డులు వెలిసిపోయాయి. అయినా నిర్ణీత ధర, రసీదు, బేరం లేని కొనుగోలు అన్న అలవాటును సామాన్యుల ఇళ్లకు చేర్చినవాటిలో అవి ముందు వరుసలో ఉంటాయి.

తర్వాతి అడుగు త్రినేత్ర. 1986లో హైదరాబాద్‌లో మొదలైన ఈ సూపర్ మార్కెట్ ముక్కంటి పేరు పెట్టుకుని కాలనీల్లోకి వచ్చింది. క్లారెన్స్ శాండర్స్ అమెరికాలోని మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ పేరుతో, కొనేవాళ్లే సరుకు ఏరుకునే కొట్టు తెరిచింది 1916లో. అంటే ఆ పద్ధతికీ త్రినేత్రకూ నడుమ సరిగ్గా 70 ఏళ్లు. బుట్ట చేతికి తీసుకుని అరల మధ్య నడవడం, పొట్లం తిప్పి ధర, తేదీ చదవడం, రెండు సబ్బులు పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం, వద్దనుకుంటే ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా తిరిగి పెట్టేయడం ఇప్పటి పిల్లలకు వింతగా తోచవు. ఆ రోజుల్లో ఒక గృహిణికి అవి చిన్న స్వాతంత్ర్యాలు. బల్ల తొలగింది. తనకూ సరుకుకూ నడుమ ఇంకో మనిషి చూపు లేదు.

దక్షిణాది నాలుగు రాష్ట్రాల్లో 170కి పైగా శాఖలకు పెరిగాక, 2007లో త్రినేత్ర ఆదిత్య బిర్లా సంస్థ చేతికి వెళ్లింది. ఆ ఏడాదే "మోర్" బోర్డులు వెలిశాయి. త్రినేత్రతో కలిసిన బెంగళూరు ఫ్యాబ్‌మాల్ కూడా అదే దారి పట్టింది. ఆ ఫ్యాబ్‌మాల్ పెట్టినవాళ్లే 2011లో బిగ్‌బాస్కెట్ ప్రారంభించారు. మోర్‌ను నడిపిన ఆదిత్య బిర్లా సంస్థ కూడా 2018లో దాన్ని అమ్మేసింది. కాబట్టి హైదరాబాద్ ముక్కంటి కొట్టు ఎవరో మూసేస్తే పోలేదు. బోర్డు మారింది, యూనిఫాం రంగు మారింది, రసీదు మీద పేరు మారింది. తాళం పడని కొట్టుకు వీడ్కోలు చెప్పాలని ఎవరికీ తోచదు. అందుకే త్రినేత్ర అన్న పేరు ఏ గొడవా లేకుండా నాలుకల మీంచి జారిపోయింది.

సుభిక్ష అలా పోలేదు. 1997లో చెన్నైలో మొదలైన ఈ కొట్టుకు ఏసీ లేదు, హంగులు లేవు. చిన్న గది, తక్కువ ధర, వీధి వీధికీ ఒక శాఖ. పదేళ్లు దాటేసరికి దేశమంతటా సుమారు 1,600 శాఖలు. హైదరాబాద్‌లో కిరాణాకు, మందులకు, సెల్‌ఫోన్లకు కూడా జనం అక్కడికి వెళ్లేవారు. అప్పు మీద అప్పుతో సాగిన విస్తరణకు 2008 ఆర్థిక సంక్షోభం అడ్డుపడింది. సరుకు కొనడానికి డబ్బు లేదు, జీతాలివ్వడానికి లేదు, అద్దెలకు లేదు. 2009 మొదట్లో అరలు ఖాళీగా, షట్టర్లు దించి ఉన్న శాఖలు ఊరూరా కనిపించాయి. సుభిక్ష అంటే కరువు లేని కాలం. ఆ పేరున్న బోర్డు కింద ఖాళీ అరలను చూసినవాళ్లకు గుండె కలుక్కుమంది.

పెద్ద చేపల కథ ఇంకా వేగంగా సాగింది. 2001లో కోల్‌కతాలో తొలి బిగ్ బజార్ తెరిచిన కొద్ది రోజుల్లోనే కిశోర్ బియానీ హైదరాబాద్, బెంగళూరుల్లోనూ తెరిచారు. 2006 జనవరి 26న "సబ్‌సే సస్తా దిన్" పేరిట మొదలైన తగ్గింపు అమ్మకాలకు జనం పోటెత్తారు. ఆ ఏడాది నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి కొట్లను హైదరాబాద్‌లోనే తెరిచింది. పాల కంపెనీ హెరిటేజ్ నడిపిన హెరిటేజ్ ఫ్రెష్ కొట్లు 124 ఉండగా, 2016లో వాటిని బియానీ ఫ్యూచర్ సంస్థకు అప్పగించేందుకు ఒప్పందం కుదిరింది. నాలుగేళ్లకు ఫ్యూచరే అప్పుల్లో మునిగింది. 2020 ఆగస్టులో రూ. 24,713 కోట్లకు రిలయన్స్ కొనబోయింది. అమెజాన్ అభ్యంతరంతో వ్యవహారం కోర్టులకెక్కింది. 2022 ఫిబ్రవరిలో అద్దె బకాయిలున్న కొట్లను రిలయన్స్ తన చేతిలోకి తీసుకుంది. బిగ్ బజార్ ఉన్న చోట్ల స్మార్ట్ బజార్ వచ్చింది. ఆ జులైలో ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఒక కాలనీలో ఒకే గది పదిహేనేళ్లలో మూడు పేర్లు మార్చుకుంటే, "అబిద్ యొక్క" లాగా కూడలికి పేరు పడే వ్యవధి ఏ కొట్టుకుంటుంది?

ఈ మరణాలన్నీ ఒక్కలాంటివి కావు. ఇరానీ హోటల్‌ను నేల ధర తినేసింది. వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ కౌలు తీరి పోయింది. సుభిక్షను అప్పు ముంచింది. త్రినేత్రను విజయమే అమ్మించింది. వీటిలో ఏదీ కొనేవాళ్ల ఆదరణ కరువై పోలేదు. బాగా నడుస్తున్న కొట్టు మూతబడదని నమ్మే జనం ఒక పొద్దున బోర్డు మారిపోయి ఉండటం చూసి నిర్ఘాంతపోతారు. ఊరికి కొట్టు మీదున్న హక్కు ఎక్కడా రాసి ఉండదు. ఆ హక్కు ఉందని ఊరు నమ్ముతూనే ఉంటుంది.

అన్నిటికంటే ముందు పోయేది పనిచేసినవాళ్ల నైపుణ్యం. గుప్పెట్లోకి తీసుకుంటే బియ్యం కొత్తవో పాతవో చెప్పే గుమాస్తా, పాలు ఎంతసేపు కాగాలో వాసన పట్టి చెప్పే చాయ్ మేస్త్రీ, కాలనీలో ఎవరింట్లో చక్కెర జబ్బుందో గుర్తుపెట్టుకుని బిల్లు కొట్టే అమ్మాయి. కంపెనీ చేతులు మారినప్పుడు కుర్చీలకు, ఫ్రిజ్‌లకు, అరలకు వెల కడతారు. ఈ తెలివికి వెల కట్టే గడి ఆ కాగితాల్లో ఉండదు.

హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాలేఖనాల భాండాగారంలో 17వ శతాబ్దపు మొఘల్ కాగితాలున్నాయి. దక్కన్‌లో కొలువు చేసిన సిపాయి ముఖ లక్షణాలు, అతని గుర్రం ఆనవాళ్లు రాసిన పట్టీలు వాటిలో ఉన్నాయి. జీతం సరైన మనిషికే చేరాలన్న జాగ్రత్తతో ఒక గుమాస్తా రాసినవి ఇవాళ చరిత్రకారులకు నిధి అయ్యాయి. త్రినేత్ర తొలినాళ్ల రసీదుకూ, ఓరియంట్ ధరల పట్టీకీ, సూపర్ బజార్ సభ్యత్వ కార్డుకూ అలాంటి చోటు కావాలి. రసీదు సిరా ఎండకు వెలిసిపోతుంది. నాలుగేళ్లు పోతే తెల్ల కాగితమే. ముందు వాటిని ఫొటోలు తీయాలి. ప్లాస్టిక్ సంచులు, క్యాలెండర్లు, ఉద్యోగుల గుర్తింపు కార్డులు, రేకు బోర్డులు పోగు చేయాలి. బాహర్‌వాలాలు, గల్లా గుమాస్తాలు, కాటా కుర్రాళ్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వాళ్ల మాటలు రికార్డు చేయాలి. కాలేజీ విద్యార్థులు తమ పేటలో ఒక కూడలిని పట్టుకుని, ఒక్కో షట్టరు వెనక యాభై ఏళ్లలో ఏయే కొట్లు నడిచాయో ఇంటింటికీ అడిగి రాస్తే, ఏ గెజిటీరులోనూ లేని చరిత్ర తయారవుతుంది.

మొదలుపెట్టడానికి దూరం వెళ్లక్కర్లేదు. ఆదివారం పొద్దున అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి. నెహ్రూ విగ్రహం దరిదాపుల్లో, దించిన షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజనీరింగ్ గైడ్ల కింద ఉర్దూ పత్రికలు, వాటి కింద విడిపోయిన కుట్లతో తెలుగు నవలలు. ఆ పుస్తకాల్లో చదువుతూ ఆపిన చోట గుర్తుగా పెట్టిన కాగితాలుంటాయి: ఒక బస్ టికెట్, ఒక మందుల చీటీ, ఎప్పుడో మూతబడ్డ కొట్టు బిల్లు. వచ్చే ఆదివారం అటు వెళ్లేవాళ్లు పుస్తకం ధర అడిగే ముందు పేజీలు ఒకసారి తిరగేసి చూడాలని ఈ సభ తరఫున మనవి.